బ్రూనో ఆగిన మెట్టు

నా భార్య సుజాత పోయాక మా కుక్క బ్రూనోను పొద్దున పరుగుకు తీసుకెళ్ళడం నాకు ఈ రోజే మొదలు. ఆమె రోజూ వాడితో మూతపడ్డ బంగారు గని సైనైడ్ మట్టి దిబ్బ దాకా పరుగెత్తి వచ్చేది. ఇద్దరూ సన్నబడకపోవడం మాత్రం నాకు అర్థమయ్యేది కాదు.

ఊరిగాంలో పాత గని కంపెనీ ఇళ్ళ దగ్గర బ్రూనో ఆగి, ఒక ఇంటి మెట్టెక్కి కూర్చున్నాడు. ఎంత లాగినా కదలలేదు. లోపలి నుంచి ఒక పెద్దావిడ బన్ను పట్టుకొని వచ్చింది.

"వచ్చినావా దొంగా! ఇన్నాళ్ళు యాడ పోయినావు?" అని, నన్ను చూసి, "సుజాతమ్మ రాలేదాప్పా?" అంది.

"నేను ఆమె భర్తనమ్మా. మీకెలా తెలుసు?"

"దినామూ ఈడే కదప్పా కూర్చొని కాఫీ తాగేది! పోయేటప్పుడు కొళాయి కాడ మొహం తడుపుకుంటాది. 'మా ఆయన చెమటే అనుకుంటాడు' అని ఒకటే నవ్వు. ఇంగ ఎప్పుడొస్తాది?"

నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూ చావు కబురు చెప్పలేక "ఊరికి పోయింది" అనేశాను.

రేపు నిజం చెప్పాలి. చెబితే ఆవిడ ఏడుస్తుంది, సుజాత నవ్విన సంగతులు ఇక చెప్పదు. నాకు అవి ఇంకా వినాలని ఉంది. మీరైతే ఏం చేస్తారు?