గడి ముందు ఏసోబు బండి

ఏసోబు చేసిన మొదటి పని కారు తొయ్యడం. నల్గొండకు దగ్గర్లోని ఆ ఊళ్లో దొరకు నల్ల అంబాసిడర్ ఉండేది. అది ఏ పొద్దూ తనంతట తాను స్టార్టయ్యేది కాదు. దొర వెనక సీట్లో, ఆయన కొడుకు చిన్నదొర ముందు సీట్లో దర్జాగా కూర్చుంటే, ఏసోబు ఆ దొరల కోటలాంటి గడి గేటు నుంచి తోసుకుంటూ పోయేవాడు. ఇంజిన్ అందుకోగానే పొగంతా ఏసోబుకు వదిలేసి వాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

ఆ కసితోనే డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. తెలంగాణ వచ్చాక, గడి కొట్టంలో కోళ్లు గుడ్లు పెడుతున్న ఆ కారును పాత ఇనుము కింద అమ్ముతున్నారని తెలిసి, తానే కొనుక్కొచ్చాడు.

“గా కోళ్లగూడు మనకెందుకయ్యా?” అని భార్య ఈదమ్మ నెత్తి కొట్టుకుంది.

“మన బిడ్డ మల్లిక పెండ్లి బరాత్ గిండ్లనే తీస్త. గడి ముంగట్నుంచి. ఎవ్వలు తొయ్యకుండ.”

ఈదమ్మ నెత్తి మీది చెయ్యి దించింది. కొత్త పెళ్లికూతురిగా ఆ గడి ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన సంగతి ఆమె మరిచిపోలేదు.

నల్గొండ మెకానిక్ గుర్వయ్య ఇంజిన్‌ను ముక్కలుముక్కలుగా విప్పాడు. సిలిండర్ల బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేశాడు. ఒక సామాను దొరికితే ఇంకోటి దొరకలేదు. తీరా మల్లిక పెళ్లి దగ్గరపడ్డాక గానీ ఇంజిన్ బండెక్కే రోజు రాలేదు. ఆ రోజు ఇంజిన్‌ను చైన్ కప్పీకి వేలాడదీసి మెల్లగా దించుతుంటే వాడకట్టంతా చుట్టూ నిలబడి సలహాలిచ్చింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఆయన కళ్లు మూసుకున్న సందు చూసి ఈదమ్మ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. ఏసోబు గుడ్లురిమితే, “పైన ప్రభువు చూస్కుంటడు. కింద నిమ్మకాయ చూస్కుంటది” అంది.

తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. ఏసోబు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

“ఏసోబన్నా, కొత్త ఇంజిన్ జర అలవాటు పడేదాక ఉరికించకు, బరువెక్కియ్యకు,” అన్నాడు గుర్వయ్య. “ఒక్కతీరుగ తోలకుండ స్పీడు పెంచుకుంట, తగ్గించుకుంట రోడ్డు మీద తిప్పాలె. బండి నిలవెట్టి ఇంజిన్ మాత్రం నడిపియ్యొద్దు, వేడెక్కి బిగుసుకుంటది. బరాత్‌కు వేరే బండి కిరాయికి మాట్లాడుకో.”

బస్సు తోలినోడికి పాఠాలా? ఏసోబు చెవికెక్కింది ‘ఉరికించకు’ అన్న ఒక్క ముక్కే. “బరాత్ కంటె మెల్లగ పోయే బండి లోకంల ఉన్నదా గుర్వయ్యా?” అన్నాడు. ఆ మాటకు తిరుగేముంది? వాడకట్టంతా ఔనంది. ఒప్పుకోనిది ఇంజిన్ ఒక్కటే.

చర్చిలో పెళ్లయింది. పొద్దుగూకే వేళకు బరాత్ కదిలింది. వెనక సీట్లో మల్లిక, అల్లుడు, వాళ్ల మీద కూర్చున్నంత పని చేస్తూ ఇద్దరు మేనత్తలు. స్టీరింగ్ ముందు ఏసోబు. నాలుగడుగులకోసారి డీజే బండి ఆగేది, డాన్సు సాగేది, పాటకు తగ్గట్టు ఏసోబు నిలబెట్టిన బండిని రేస్ చేసేవాడు. సరిగ్గా గడి ముందు ఎక్కువసేపు వాయించమని డీజేవాళ్లకు ముందే చెప్పి పెట్టింది కూడా ఆయనే. వాళ్లు మాట తప్పలేదు. ఆ డాన్సు మధ్యలోనే బానెట్ లోంచి ఆవిరి బుస్సుమంది. ఇంజిన్ గుర్రుమని ఆగిపోయింది.

పిల్లగాళ్లు తొయ్యడానికి ఉరికొచ్చారు.

“చెయ్యి తియ్యుండ్రి! ఎవ్వలు ముట్టొద్దు!” అని అరిచాడు ఏసోబు.

“తోస్తే ఏమైతది బాపూ? అందరు ఆకలి మీదున్నరు,” అంది మల్లిక.

ఏమవుతుందో ఆ పిల్లకెట్లా చెప్పాలి? ఇన్నేళ్లూ కన్న కల ఆ గేటు ముందే కూలబడింది. ఏసోబుకు ఏడుపొచ్చినంత పనయింది.

అప్పుడు గడి గేటు తెరుచుకుంది. తెల్లబట్టల్లో చిన్నదొర బయటికొచ్చాడు. సర్పంచ్ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. ఏసోబు వాడకట్టులో ఓట్లు మెండుగా ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ‘ఒరేయ్’ తప్ప పిలిచి ఎరగని నోటితో, “ఏసోబన్నా, ఫికర్ జెయ్యకు, నేను లేనా!” అన్నాడు. వెనక్కి పోయి రెండు చేతులూ డిక్కీకి ఆనించాడు. పిల్లగాళ్లు తోసే సంగతి వదిలేసి సెల్లుఫోన్లు తీశారు.

ముట్టొద్దని ఏసోబు ఈసారి అనలేదు. గేరు న్యూట్రల్ చేసి అద్దంలోకి చూశాడు. చిన్నదొర మొహం కందిపోయింది, తెల్లచొక్కా వీపుకు అతుక్కుంది, చెప్పు ఒకటి జారిపోయింది. ఎంత తోసినా బండి కదలడం లేదు.

ఎందుకు కదలడం లేదో కాసేపటికి ఏసోబుకు తట్టింది. తన కాలు బ్రేకు మీద ఉంది.

తట్టిన తర్వాత కూడా చాలాసేపు తియ్యలేదు.