పెట్టెకో గుప్పెడు కొసరు

కొసరు వెయ్యని కొట్టు కొట్టే కాదని మా నాన్న నమ్మకం. నరసరావుపేటలో మాకో చిన్న లేత్ షాపు ఉండేది. పత్తి చేలకు మందు కొట్టే డబ్బాలుంటాయి కదా, వాటి గొట్టం చివర బిగించే ఇత్తడి మూతలు అక్కడ తయారయ్యేవి. మూత నడుమ సన్నటి బెజ్జం. మందు ఆ బెజ్జంలోంచే తుంపరగా బయటికొస్తుంది. మూతలు కొన్న రైతు వాటిని తువ్వాలులో మూటగట్టుకుని, మళ్ళీ చెయ్యి చాపేవాడు. నాన్న నవ్వుతూ ఆ చేతిలో ఇంకో మూత వేసేవాడు. బేరం ముగిసినట్టు అప్పుడే. ఎప్పుడన్నా మరిచిపోతే రైతు చిన్నబుచ్చుకునేవాడు, నాన్న అంతకన్నా చిన్నబుచ్చుకునేవాడు. ఇంట్లో భోజనాల దగ్గరా ఆయనది ఇదే వరస. వద్దు మొర్రో అన్నా విస్తట్లో ఇంకో ముద్ద పడాల్సిందే.

ఎనభైల నడిమి సంవత్సరాల మాట. హైదరాబాదు పక్కన మందు డబ్బాలు తయారుచేసే పెద్ద కంపెనీ ఒకటి విదేశీ కంపెనీతో చేతులు కలిపింది. ఇక మీదట వాళ్ళ డబ్బాలు బయటి దేశాలకు కూడా పోతాయన్నారు. మూతలు మాత్రం మాలాంటి చిన్న షాపుల దగ్గర చేయించుకుంటారట. ముందు ఒక విడత పంపండి, సరుకు నచ్చితే ఏటా మీకే ఇస్తామని మాకు కబురొచ్చింది. అప్పటికే ప్లాస్టిక్ మూతలు బజార్లోకి వచ్చి మా బేరాలు సగం తన్నుకుపోయాయి. ఈ ఆర్డరు నిలబడితే షాపు నిలబడుతుంది, లేదంటే లేత్ అమ్ముకోవడమే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

నాన్నకు తోడుగా షాపులో ఒక ముస్లిం మెకానిక్ ఉండేవాడు. ఇద్దరూ కలిసే ఆ షాపు పెట్టారు. నేను ఆయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని. నేనప్పుడే డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్నాను కాబట్టి కంపెనీ పంపిన డ్రాయింగులో ఇంగ్లీషు చదివి చెప్పే పని నాది. వాళ్ళడిగిన బెజ్జం మేం రైతులకు చేసేదానికన్నా సన్నం. మా పల్నాడు నీళ్ళలో సున్నం జాస్తి. సన్న బెజ్జమైతే ఇట్టే పూడుకుపోతుంది, అందుకని మావి కాస్త వెడల్పుగా వేసేవాళ్ళు. పైకి చూస్తే రెండు రకాలూ ఒక్కలాగే ఉండేవి. నాన్నా బాబాయీ పండగ కూడా మానుకుని ఆ సన్న బెజ్జాలు వేశారు.

పెట్టెలు నింపి పైచెక్కలకు మేకులు కొట్టబోతుంటే బాబాయ్ సుత్తి ఆపాడు.

"అన్నా, కొసరు వెయ్యలేదే?"

"అబ్బ, మర్చేపోయా చూడు. మొదటి బేరం, ఉత్త లెక్కన పంపితే ఏం బాగుంటది?" అన్నాడు నాన్న.

కంపెనీ కోసం చేసినవి సరిగ్గా లెక్కకు సరిపోయాయి. అందుకని నాన్న రైతులకమ్మే మూతల డబ్బా దింపాడు. పెట్టెకో గుప్పెడు పైన పోశాడు. "మన సొంత సరుకు ఎట్టుంటదో వాళ్ళూ చూస్తారులే" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. డ్రాయింగు చదివిన దాన్ని. నాకూ తప్పుగా తోచలేదు, మా నాన్న చెయ్యి పెద్దదని మురిసిపోయాను. లారీ ముందు కొబ్బరికాయ కొట్టాం. వీధి వీధంతా వచ్చి చూసింది.

కొన్నాళ్ళకు కంపెనీ నుంచి రమ్మని కబురు. మెచ్చుకోవడానికే పిలిచారని నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అమ్మచేత గోంగూర పచ్చడి డబ్బాకెత్తించాడు. "అంత పెద్దోళ్ళ దగ్గరకి చేతులూపుకుంటా పోతామా?" అన్నాడు. ఇంగ్లీషు అవసరపడుతుందని నన్నూ వెంటబెట్టుకున్నాడు. బస్సులో దారి పొడుగునా ఆ డబ్బాను ఒళ్ళోంచి దించలేదు.

ఆఫీసరు మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. తర్వాత తెల్ల కాగితం మీద రెండు మూతలు పెట్టి, ఒక ఉక్కు తీగ తీశాడు. మొదటి మూతలో తీగ దూరలేదు. రెండో దాంట్లో సులువుగా దిగిపోయింది.

"ఈ రకం ప్రతి పెట్టెలోనూ కలిసి ఉంది. ఎట్లా వచ్చాయండీ ఇవి?"

నాన్న మొహం విప్పారింది. "అయ్యి మావి సార్. కొసరు."

"కొసరా?"

పక్క బల్ల దగ్గర కూర్చున్న కుర్రాళ్ళిద్దరూ కిసుక్కున నవ్వారు. ఒకడు రెండోవాడితో "వంకాయలనుకున్నాడ్రా" అన్నాడు. ఆఫీసరు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"చూడండి, ఈ డబ్బా కొన్నవాడు ఏ దేశంలోనో ఉంటాడు. ఒక డబ్బాలోంచి తుంపర, ఇంకోదాంట్లోంచి ధార పడితే మమ్మల్నే తిడతాడు. చుట్టుపక్కల దేశాలన్నీ కలిసి సుంకాలు తగ్గించుకుంటాయని ఇప్పటికే మాటలు నడుస్తున్నాయి. రేపు అక్కడి మూతలు ఇంతకన్నా చవగ్గా మా గుమ్మంలోకి వస్తాయి. అప్పుడు మిమ్మల్ని ఉంచుకోమని నేను మా వాళ్ళకి ఏమని చెప్పను?"

"ఈడనే కూర్చుని ఏరేస్తాం సార్. నేనూ మా అమ్మాయీ" అన్నాడు నాన్న. ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు.

"అట్లా కుదరదు. సరుకంతా తీసుకుపోయి, ఏరి పంపండి. ఈ ఒక్కసారికే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కుర్రాళ్ళ చెంపలు వాయించాలనీ అనిపించింది, నాన్న పక్కన లేకుండా పోవాలనీ అనిపించింది. నిలబడ్డ నాన్న చేతుల్లో ఇంకా ఆ పచ్చడి డబ్బా ఉంది. ఇవ్వాలో మానాలో తెలియక దాన్ని ఇటు చేతిలోంచి అటు చేతిలోకి మార్చుకుంటున్నాడు. నేను లాక్కుని నా సంచిలో కుక్కేశాను. ఆయన నా వైపు చూడలేదు. ఆ పచ్చడి తిరుగు ప్రయాణంలో నూనె కారి నా సంచంతా పాడుచేసింది.

పెట్టెలు పట్టపగలే లారీలో తిరిగొచ్చాయి. కొబ్బరికాయ కొట్టినప్పుడు చూసిన కళ్ళే ఇప్పుడూ చూశాయి. ఎదురింటావిడ గుమ్మంలోకొచ్చి, "ఏంది తమ్ముడూ, పెట్టెలు మళ్ళీ వచ్చినై?" అని అడిగింది.

"కొంచెం మెరుగు పెట్టాలంట అక్కా" అన్నాడు నాన్న. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, ఏం చెబుతాడు మరి? నాన్న అబద్ధమాడగా నేను విన్నది అదే మొదలు.

బాబాయ్ అయితే కుమిలిపోయాడు. "కొసరు మాటెత్తింది నేనే గదన్నా, నన్ను తిట్టు" అన్నాడు. నాన్న తిట్టలేదు. అందరం షాపులో గోనెపట్టాల మీద కూర్చుని ఒక్కో మూతలో తీగ పెట్టి చూశాం. దూరనివి పెట్టెలోకి, దూరినవి పాత డబ్బాలోకి. అమ్మ కూడా వంట ముగించి వచ్చి కూర్చునేది. తలుపు ఓరగా వేసి పని చేసుకున్నాం, దొంగసొత్తు పంచుకునేవాళ్ళలాగా. మా సొంత సరుకు, రైతులు మెచ్చి కొనుక్కుపోయే సరుకు, దాన్ని రాళ్ళు ఏరినట్టు ఏరి పక్కన పారేస్తుంటే నాకు సిగ్గుతో పాటు ఏడుపూ వచ్చింది.

రెండోసారి సరుకు నిలబడింది. ఆర్డరు మాకే ఇచ్చారు. ఆ కబురు తెలిసిన రోజు అమ్మ పాయసం చేసింది. నాన్న తాగి గ్లాసు కింద పెట్టి, "ఇంక ఈ షాపులో కొసరు మాట వినపడగూడదు" అన్నాడు. ఎవరికీ ఇంకో గరిటె వెయ్యమనలేదు.

ఆ పత్తి కాలంలోనే చేల మీద తెల్లదోమ విరుచుకుపడింది. కారంపూడి నుంచి ఒక ముసలి రైతు వచ్చాడు. ఏళ్ళ తరబడి మా దగ్గరే కొనేవాడు, నాన్నను అల్లుడూ అని పిలిచేవాడు. కొత్తగా వెడల్పు బెజ్జం మూతలు చెయ్యడమే మానేశాం కనుక నాన్న బల్ల కింద నుంచి ఆ పాత డబ్బా తీశాడు. పెట్టెల్లోంచి ఏరిన కొసరు మూతలు. వాటినే అడిగినన్ని లెక్కపెట్టి ఇచ్చాడు. రైతు మూటగట్టుకుని, అలవాటుగా చెయ్యి చాపాడు.

నాన్న లేత్ వైపు తిరిగి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. రైతు చెయ్యి అలాగే ఉంది. బాబాయ్ తల దించుకున్నాడు. నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. ఒక మూత తీసి వెయ్యడానికి నాకేం అడ్డం? కానీ నేనూ కదల్లేదు.

ముసలాయన నెమ్మదిగా చెయ్యి తీసేశాడు. అలిగాడనుకున్నాను. ఆయన మూట విప్పి, అందులోంచి ఒక మూత తీసి బల్ల మీద పెట్టాడు.

"చానా ఇబ్బందుల్లో ఉన్నట్టున్నావు అల్లుడూ. నాతో చెప్పగూడదా? ఈ ఏటికి నా కొసరు నువ్వే ఉంచుకో" అని, కర్ర తీసుకుని బస్టాండు వైపు నడిచిపోయాడు.

నాన్న వద్దనలేదు. వెనక్కి పిలవనూ లేదు. ఆ మూత తీసి మళ్ళీ డబ్బాలో వెయ్యడానికి మా ముగ్గురిలో ఎవరికీ చెయ్యి రాలేదు.