మూడో వంతు నీళ్లు

పంపు కాక చనిపోయాడన్న కబురు అందినప్పుడు నేను కరీంనగర్‌లో ప్రెస్ ముందు కూర్చుని కరపత్రాలు మోపులు కడుతున్నాను. ఫోన్ చేసింది మా అవ్వ. "బిడ్డా, పంపు కాక పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంట కుర్చీలనే ఒరిగిండు. జెప్పన రా," అన్నది. పెట్టేయబోతూ మళ్లీ, "చేపలకు మేత ఏసినంకనే కూసున్నడట," అన్నది. మోపులు అక్కడే వదిలేసి మందమర్రి బస్సెక్కాను.

మీలో ఎవరికీ ఆయన తెలియదు. ఈ పేజీలో ఇన్నాళ్లు మీరు నా కోపమే చదివారు. ఈసారి ఒక మనిషి గురించి రాస్తున్నాను. కోపం రాకుండా ఎలా ఉండాలో నాకు ఒకే ఒక్కసారి నేర్పగలిగిన మనిషి గురించి.

మా పక్క ఇల్లే ఆయనది, నాకు బాబాయి వరస, అందుకే కాక. ఉద్యోగమంతా బొగ్గుగనిలో పంపు నడపడం. భూమి లోపల నీళ్లు ఊరుతూనే ఉంటాయి. పంపు ఆగితే అవి పెరిగి, ముందు బొగ్గు తవ్వుతున్నవాళ్ల దారి మూసుకుపోతుంది. అందుకని షిఫ్టు మొత్తం చీకట్లో ఒక్కడే కూర్చుని పంపు చప్పుడు వినాలి. ఒకసారి పంపు నోట్లో కట్టె పేళ్లు ఇరుక్కుంటే, ఛాతీ లోతు నీళ్లలో నిలబడి చేత్తో ఒక్కొక్కటి పీకేశాడట. ఇది ఆయన చెప్పిన మాట కాదు. దహనానికి వచ్చిన పాత కార్మికులు చెప్పుకుంటుంటే విన్నాను.

రిటైరయ్యాక ఆయన చేసిన పని, ముందు గదిలో ఆరడుగుల పొడవు గాజు తొట్టి పెట్టి, అందులో మొక్కలు పెంచి, చేపలు వదలడం. మా వాడకట్టంతా నవ్వింది. "జిందగంత నీళ్లు బయట పారబోసుడే అయింది. ఇగ జరన్ని ఇంట్ల నిలవెట్టుకొని చూస్త," అన్నాడు.

ఆ బుద్ధి ఎక్కడ పుట్టిందంటే, తన భార్యకు, అంటే మా చిన్నమ్మకు, కళ్లు చూపించడానికి కరీంనగర్‌లో దవాఖానకు వెళ్లినప్పుడు. అక్కడ వరండాలో ఒక చిన్న చేపల తొట్టి ఉందట. రెండు గంటలు దాని ముందే కూర్చుని, ఇంటికి వచ్చి నాతో ఫిర్యాదు చేశాడు.

"చెట్లన్ని ప్లాస్టిక్‌యిర. చేపలకు సుత అబద్ధం చెప్పవట్టిరి."

అప్పటికి నేను నాలుగు పుస్తకాలూ నలభై కరపత్రాలూ చదివి లోకమంతా అర్థమైందనుకుంటున్నవాణ్ణి. "గాజు జైలు అది, కాకా. బతికున్న జీవాలను ఖైదు చేసి చూసుకుంట సంబురపడుడు బలిసినోళ్ల అలవాటు," అన్నాను.

"జైలో ఇల్లో కట్టినంక చెప్పు. ముందుగాల గా ఫోన్ల ఏం రాసున్నదో చదివి చెప్పు. చదువుకున్నోనివి గద."

అలా నేను ఖైదు చేసే పనికే కూలీనయ్యాను.

ఇనుప కోణాలతో స్టాండు వెల్డింగ్ చేయించాడు. దాని మీద చెక్క, చెక్క మీద థర్మాకోల్ షీటు, దాని మీద తొట్టి. గోడలు కట్టే మేస్త్రీ దగ్గర సన్న పారదర్శకపు పైపు తెచ్చి, అందులో నీళ్లు నింపి, నాలుగు మూలలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూశాడు. ఒక మూల గోరంత తగ్గింది. స్టాండంతా మళ్లీ దింపించాడు. "గోరంత గదా కాక!" అని నేను అరిస్తే, "నీళ్లకు గోరంత సుత ఎర్కైతది," అన్నాడు. అడుగున జల్లెడ పట్టిన చెరువు మట్టి పరిచాడు. దాని మీద వేయడానికి వాగు ఇసుక తెచ్చి కడిగాం. బకెట్ వెనక బకెట్, నీళ్లు తేటపడేదాకా. నా చేతులు నానిపోయి ముడతలు పడ్డాయి. ఆయన ప్రతి బకెట్‌లోకీ తొంగిచూసి "ఇంకొక్కసారి" అనేవాడు. ఆ మాటంటే నాకు ఇప్పటికీ చిరాకు.

తొట్టి నడుమ పెట్టడానికి ఆయన దగ్గర ఒక దిమ్మ ఉంది. గనిలో పైకప్పు కూలకుండా ఊతం ఇచ్చే కట్టెలో పనికిరాదని పారేసిన ముక్క. దాన్ని డ్రమ్ములో నెలన్నర నానబెట్టాడు. అయినా తొట్టిలో పెట్టిన వారానికి నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు "కాకా, నాకొక కప్పు పొయ్యి" అనేవాళ్లు. ఆయన కూడా నవ్వి, కొంచెం నీళ్లు తీసి కొంచెం కొత్తవి పోసేవాడు. వారానికొకసారి, మూడో వంతు, అంతకు మించి ఒక్క చెంబు తీయడు. తీసిన నీళ్లు గోడ పక్కన మల్లెచెట్టుకు. పోసే నీళ్లు మాత్రం నల్లా నుంచి నేరుగా కాదు. పెరటి గోడవతల డ్రమ్ముకు పట్టి, బ్లీచింగ్ వాసన పోయేదాకా ఒక రోజు ఎండకు విడవాలి. రెండు మూడు నెలలకు చాయ్ రంగు దానంతటది పోయింది. దిమ్మ మీద కట్టిన మొక్క వేళ్లు దిగి కట్టెను పట్టుకుంది.

మొక్కలు పెట్టాక కూడా చేపలు లేవు. ఐదు వారాలు ఖాళీ నీళ్లే.

"నీళ్లు పోసినం, చెట్లు వెట్టినం. ఇగ చేపలు ఎయ్యి కాక!"

"తొందరుంటే చేపల బొమ్మ తెచ్చి గోడకు అతికిచ్చుకో. గది ఇప్పుడే తయార్."

ఎందుకు ఆగాలో ఆయనకు చదివి చెప్పింది నేనే. చేపలు విసర్జించేది, తినకుండా వదిలేసేది నీళ్లలో విషమవుతుంది. కంటికి కనపడని సూక్ష్మజీవులు ఆ విషాన్ని విరిచి మొక్కలకు ఎరువు చేస్తాయి. అవి ఇసుకలో, ఫిల్టర్ స్పాంజిలో కాపురం పెట్టి పెరగడానికి వారాలు పడుతుంది. కాక అంతా విని, "అంటే కూలీలన్నట్టు. ఆళ్లు దిగినంకనే చేపలు దిగాలె," అన్నాడు. కాసేపాగి, "షిఫ్టు లేదు, లీవు లేదు. మాకన్న ఘోరముందిగా ఆళ్ల పని," అన్నాడు.

లైటుకు మాత్రం షిఫ్టు పెట్టాడు. టైమర్ బిగించి, మధ్యాహ్నం రెండింటికి వెలిగి పదింటికి ఆరిపోయేట్టు చేశాడు. ఇంకాసేపు ఉంచితే అందంగా ఉంటుంది కదా అంటే, "ఎనిమిది గంటలే. దాటితే పాచి వడ్తది. మీ కాయితాలల్ల గదే గద రాస్తరు, ఎనిమిది గంటల పని అని?" అన్నాడు.

చేపలు వేశాక ఓ సాయంత్రం, నా జైలు మాట ఏమైందని అడిగాడు. ఎర్ర నీలం చారల వేలెడు చేపలు గుంపుగా ఆకుల వెనక నుంచి వచ్చి మళ్లీ ఆకుల వెనక్కు పోతున్నాయి. "గీ ఇల్లు మొక్కలదిర. చేపలు కిరాయిదార్లు. నేను వాచ్‌మెన్‌ను," అన్నాడు. అప్పుడు కూడా ఒప్పుకోలేదు నేను. కానీ రోజూ వెళ్లి కూర్చునేవాణ్ణి.

ఇక నా ఘనకార్యం చెప్పాలి.

కాకా, చిన్నమ్మా కొండగట్టుకు రెండు రోజులు వెళ్లారు. తొట్టి నాకు అప్పగించి, "చిటికెడు మేత, గంతే. ఇంకేం ముట్టకు," అన్నాడు. నేను ముట్టకుండా ఉంటానా? ఫిల్టర్ తెరిచి చూస్తే స్పాంజి గోధుమరంగుకు తిరిగి బురదగా ఉంది. పెద్దాయన చేయలేకపోయాడు, నేను చేద్దాం అనుకున్నాను. నల్లా కింద పెట్టి, తెల్లగా వచ్చేదాకా పిండి పిండి ఉతికి, పైగా ఎండకు ఆరేశాను. సగం కంటే ఎక్కువ నీళ్లు తీసి, నల్లా నీళ్లే నేరుగా నింపాను. తొట్టి అద్దంలా మెరిసింది. ఫోటో కూడా తీసుకున్నాను.

మర్నాడు కాక గుండుతో, చేతిలో ప్రసాదంతో గడపలోకి వచ్చేసరికి చేపలన్నీ నీళ్లపైకి వచ్చి నోళ్లు తెరిచి ఉన్నాయి. కొన్ని అప్పటికే తిరగబడ్డాయి. ఆయన నా మొహం చూశాడు. తెల్లటి స్పాంజి చూశాడు. ప్రసాదం చిన్నమ్మ చేతిలో పెట్టి, చొక్కా విప్పి, ముందుగా పెరటి గోడవతల డ్రమ్ము మూత తీశాడు.

తిడతాడని చూశాను. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. డ్రమ్ములో నీళ్లు మోస్తూనే అన్నాడు:

"చదివింది నువ్వు, యాది వెట్టుకున్నది నేను. దినాం కూలీల మీద కాయితాలు రాస్తవ్. ఒక్క పూటల ఎంతమందిని కడిగి పారేసినవ్‌ర?"

చిన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

చనిపోయిన చేపలు పదకొండు. వాటిని మల్లె మొదట్లో పాతించి, నన్ను కరీంనగర్ పంపాడు. అక్కడ చేపల దుకాణంవాడి తొట్టిలో నడుస్తున్న పాత స్పాంజిని, పిండకుండా, బురద నీళ్లతో సహా డబ్బాలో పెట్టుకుని రావాలి. ఎప్పుడూ కరపత్రాలు పెట్టుకునే ఒడిలో ఆ రోజు కంపుకొట్టే డబ్బా. కండక్టర్ ముక్కు మూసుకుని అడిగాడు: "ఏందన్నా గది?"

"కూలీలు," అన్నాను.

నా మొహంలోకి ఒకసారి చూసి, టికెట్ కొట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కూడా కాక ఊరెళ్లినప్పుడల్లా తొట్టిని నాకే అప్పగించాడు. ఇంకొకరైతే అప్పగించేవారు కాదు. నేనైతే అసలే అప్పగించను.

ఇంకో మాట చెప్పి అసలు సంగతికి వస్తాను. మా వీధి చివర ఒక ఇంట్లో చావు జరిగినప్పుడు, మైల అని ఇంట్లో ఉన్న నీళ్లన్నీ పారబోస్తున్నారు. నల్లా వారానికి రెండుసార్లు వచ్చే ఎండాకాలం. నేను వాకిట్లో నిలబడి మూఢనమ్మకమని ఉపన్యాసమిచ్చాను. ఆ ఇంటి ముసలామె నా మొహం మీదే తలుపేసుకుని లోపల ఏడ్చింది. కాకతో గొప్పగా చెప్పుకున్నాను. ఆయన, "నువ్వు గెలిచినవ్. ఆమె ఓడింది. ఓడినోళ్లు నీ కాయితం ఎందుకు చదువుతర్‌ర?" అన్నాడు. 

ఆయన పోయిన రోజు ఐదింటికి స్మశానం నుంచి తిరిగివచ్చాం. గుమ్మం కడిగి ఉంది. పెరట్లో బిందెలూ బకెట్లూ బోర్లించి ఉన్నాయి. ముందు గదిలో తొట్టి లైటు తన టైముకు తాను వెలిగే ఉంది. దాని ముందు పెద్దత్త, అంటే కాక వాళ్లక్క, ఆసిఫాబాద్ నుంచి వచ్చింది, నిలబడి ఉంది. ఆమె కొడుకు పైపు ఒక కొసను తొట్టిలోకి దింపుతున్నాడు.

"ఇంట్ల నీళ్లు చుక్క ఉండొద్దు. మొత్తం తియ్యి," అంటున్నది పెద్దత్త.

నీళ్లు మొత్తం తీస్తే ఏమవుతుందో ఆ గదిలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. చేపలు నిమిషాల్లో పోతాయి, ఆకులు తడిగుడ్డల్లా పడిపోతాయి, ఇసుకలో ఉన్న కూలీలు ఎండిపోతారు. ఆయన ఐదేళ్లు కాపలా కాసిందంతా పొద్దుగూకేలోగా మోరీలో ఉంటుంది. గొంతుదాకా వచ్చింది ఉపన్యాసం. అన్ని మాటలూ తయారుగా ఉన్నాయి. పెద్దత్త కళ్లు చూశాను. ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి. తమ్ముడికి చేయగలిగింది ఆమెకు ఇక ఇదొక్కటే.

"పెద్దత్తా, నీళ్లు తీద్దాం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "కాక ప్రతి ఐతారం మూడో వంతు తీసి, కొత్తయి పోసేటోడు. ఇయ్యాల సుత గట్లనే చేద్దాం. ఆయన చేతి లెక్కనే."

"మరి మిగిలిన నీళ్లు మైల కాదా బిడ్డా?"

 జవాబు చిన్నమ్మ దగ్గర ఉంది. గోడకు ఆనుకుని కూర్చున్నదల్లా, పొద్దున్నుంచి మొదటిసారి నోరు తెరిచింది.

"బాయిల నీళ్లు పారబోస్తమా వదినె? చెరువుల నీళ్లు పారబోస్తమా? జీవముండి తిరుగుతున్న నీళ్లకు మైల అంటుతదా? ఆయన బిందెల నీళ్లు పెట్టిపోలే. చెరువును పెట్టిపోయిండు."

పెద్దత్త వంగి తొట్టిలోకి చూసింది. చివరికి కొడుకుతో, "నువ్వు లే," అని, నాతో, "నువ్వే తియ్యి. గా మూడో వంతుకు తక్కువ గావద్దు," అన్నది.

పైపు నోట పెట్టి పీల్చాను. నీళ్లు మల్లెచెట్టు దాకా వెళ్లాయి. సరిగ్గా గీత దగ్గర ఆపాను, కాక అద్దం మీద పెయింటుతో గీసిన గీత. నింపడానికి నీళ్లు కావాలి. పెరటి గోడవతల డ్రమ్ము నిండుగా ఉంది. మరునాటి ఆదివారం కోసం ముందురోజు సాయంత్రం ఆయనే పట్టి, మూత తీసి పెట్టాడట. పెద్దత్త దాన్ని చూసి, "అది బయటిది, ఇంట్లది గాదు," అన్నది. అడగకుండానే అన్నది.

ఆ నీళ్లను చెంబుతో, ఇసుక లేవకుండా, ఆయన పోసినట్టే దిమ్మ మీదుగా నెమ్మదిగా పోశాను. బకెట్ వెనక బకెట్. చివరి బకెట్ అయిపోయాక ఎందుకో "ఇంకొక్కసారి" అన్న మాట కోసం చూశాను.

కొత్త నీళ్లు పడి కాసేపయ్యాక, లైటు కింద ఆకుల అంచుల్లో ఒక్కొక్కటే గాలిబుడగ తేలడం మొదలైంది. ఆవగింజంత బుడగ, ఉబ్బి, ఆకును వదిలి, పైకి. దాని వెనక ఇంకొకటి. పెద్దత్త తలస్నానం చేసి వచ్చి, తడి జుట్టుతోనే కాక కుర్చీలో కూర్చుంది. గని దిమ్మ మీది ఆకు నుంచి లేచిన ఒక బుడగను అద్దం ఇవతల నుంచి వేలితో పట్టుకుని, అది పైకి పోయినంత మేరా వేలిని పైకి జరిపింది. అది పగిలిపోయాక వేలిని కిందికి దించి, అదే ఆకు దగ్గర ఆనించి పెట్టుకుంది.