పిండే పక్క, అవతలి పక్క

శ్రావణమాసం, రెండో మంగళవారం, పొద్దున ఆరుంబావు. మా బర్రె కడుపు ఆగిపోయిందని నేను అనుకున్నది అప్పుడు. కొట్టంలో గడియారం ఉంది, చూసే రాస్తున్నాను.

మా కొట్టం అశోక్‌నగర్‌లో ఒక సందు చివర. ఇటు ఉద్యోగ పరీక్షల కోచింగ్, అటు జిరాక్సు దుకాణం. ఒకప్పుడు ఈ సందులో నాలుగిళ్ల వాళ్లకు బర్రెలుండేవి. చివరికి మేం ముగ్గురం మిగిలాం: నేను, రెండు బర్రెలు. ఆషాఢం చివర వాటిలో పెద్దది చచ్చిపోయింది. ముసలిది, దాని రోజులు అయిపోయాయి. దాని కోసం నేను ఏడవలేదు. మిగిలినదాని కోసం భయపడ్డాను. అది కూడా పోతే ఈ ఇంట్లో ఊపిరి పీల్చేది నేనొక్కదాన్నే.

మిగిలినది తిండి తగ్గించింది. పచ్చిగడ్డి వేస్తే మూతితో పక్కకు తోసేది. తలుపు వైపు తిరిగి ఒకసారి అరిచేది. అరిచి, చెవులు నిక్కించి వినేది. కోచింగ్ మైకులోంచి సారు గొంతు వచ్చేది, అంతే. అది మళ్లీ తల దించుకునేది.

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. చిక్కడపల్లిలో నా దగ్గర పాలు పోయించుకునే టీచరమ్మ నేర్పింది. కోస్తా ఆవిడ, రిటైరై చాలాకాలమైంది. పలక ముందు పెట్టి, ఎడమ నుంచి కుడికి రాయాలని మొదటి రోజే చెప్పింది. అప్పటిదాకా ఎడమ, కుడి అనే మాటలతో నాకు పని పడలేదు. మా ఇంట్లో బర్రెకు రెండు పక్కలు. కూర్చుని పాలు పిండేది పిండే పక్క. రెండోది అవతలి పక్క. అవతలి పక్క ఉబ్బిందంటే కడుపుబ్బరమని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎడమ అన్న మాట పలకతో పాటు వచ్చింది. పలక ముందు కూర్చుంటే ఏది ఎడమో, నాకు అదే ఎడమ.

చదవడానికి నా దగ్గర ఉన్నది ఒకటే పుస్తకం. అట్ట మీద బర్రె బొమ్మ చూసి పాత పుస్తకాల బండి దగ్గర కొన్నాను. పశువుల శాఖ పరీక్షకు చదివేదట. పశువుకు నాలుగు కడుపులుండవు, ఒకే కడుపుకు నాలుగు అరలుంటాయని అందులో ఉంది. పై దవడకు ముందు పళ్లుండవని కూడా ఉంది. అది నాకు నడక వచ్చినప్పటి నుంచీ తెలుసు. అయినా అచ్చులో చూస్తే అప్పుడే తెలిసినట్టు అనిపించింది. ఆ పిచ్చి వల్లనే మోసపోయాను. ఎడమ డొక్కలో పిడికిలి ఆనిస్తే పెద్ద కడుపు కదలడం నిమిషానికి ఒకటి రెండుసార్లు తెలుస్తుందని, తెలియకపోతే ఆగినట్టేనని ఒక పేజీలో ఉంది.

ఆ మంగళవారం పొద్దున పుస్తకం పట్టుకుని బర్రె మూతికి ఎదురుగా నిలబడ్డాను, పలక ముందు కూర్చున్నట్టు. నా ఎడమ చేతి వైపుకు నడిచి, ఆ డొక్కలో పిడికిలి పెట్టాను. గడియారం చూస్తూ ఐదు నిమిషాలు ఉన్నాను. ఏమీ కదలలేదు.

ఫోన్ చేస్తే, నారాయణగూడ నుంచి పశువుల డాక్టరమ్మ స్కూటీ మీద వచ్చేసరికి ఎనిమిదైంది. పాలు అందలేదేమని టీచరమ్మ కూడా గిన్నె పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఎప్పటిసంది తింటలేదమ్మా?" అంది డాక్టరమ్మ.

"పెద్దది పోయినప్పటిసంది. ఇయ్యాల కడుపే ఆగిపోయింది. పుస్తకంల ఉన్నట్టే చూసిన."

"ఏ పక్క చూసినవ్?"

"ఎడమ పక్క." మళ్లీ మూతికి ఎదురుగా నిలబడి చూపించాను.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేదు. "అది నీ ఎడమ. బర్రె ఎడమ గాదు. అది నీ దిక్కు మొఖం పెట్టి నిలబడ్డది కద!"

"అంటే అవతలి పక్కనా?"

"అవతలి పక్కంటే ఏంది?"

"పాలు పిండని పక్క."

"ఆ, అదే."

"మరి గట్ల రాయొచ్చు కద పుస్తకంల! పొద్దుగాల్నుంచి పరేషాన్ అయి సస్తున్న."

"తప్పు నాదేనమ్మా," అంది టీచరమ్మ. "పలకకి ఎడమేదో చెప్పాను గానీ, బర్రెకి చెప్పలేదు."

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని అవతలి పక్కకు తీసుకుపోయింది. పిడికిలి డొక్కలో పెట్టించింది. కాసేపటికి లోపలి నుంచి ఏదో మెల్లగా లేచి, నా చేతిని పైకి నెట్టి, మళ్లీ దిగింది. నలభై ఏళ్లు పిండే పక్క నుదురు ఆనించి కూర్చున్నదాన్ని. ఈ పక్క ఇంత పని జరుగుతుందని చేత్తో ఎన్నడూ చూడలేదు.

ఆవిడ జ్వరం చూసింది, కంటి రెప్ప తిప్పి చూసింది, గొట్టం పెట్టి చాలాసేపు వింది.

"జబ్బేం లేదు. తినక కడుపు నెమ్మదైంది, గంతే. దీనికి జత లేదమ్మా. మందల బతికే పశువు. ఇంకో బర్రెను తెస్తవా, దీన్నే మందలకు పంపుతవా?"

"నా మోకాళ్లకు ఒక్కదాన్ని చూసుడే ఎక్కువ. ఇంకోటి ఏడ?"

"అయితే పంపు. ఇట్లనే ఉంచితే ఇంక చిక్కిపోతది."

"నేనున్న కద దానికి."

"నువ్వున్నవమ్మా. కానీ నువ్వు బర్రెవు గాదు కద."

టీచరమ్మ నవ్వబోయి, నా మొహం చూసి, గిన్నెలోకి చూసింది.

పశువును ఒంటరిగా కట్టకూడదని నా పుస్తకంలో కూడా ఉంది. ఆ పేజీ నేను చదివాను. చదివి తిప్పేశాను. కడుపు గురించి ఉన్న పేజీ మాత్రం పది సార్లు చదివాను. జబ్బయితే మందుంటుంది, బర్రె నా దగ్గరే ఉంటుంది. అందుకే జబ్బు వెతికాను.

మా మరిదికి ఊరి బయట బర్రెల మంద ఉంది. ఫోన్ చేశాను. నాలుగింటికి వ్యాను తీసుకుని వచ్చాడు.

బర్రె ఎక్కలేదు. ఎక్కడానికి వ్యానుకు ఆనించిన ఇనుప పలక ఎండకు మెరుస్తోంది. దాని మీద కాలు పెట్టి, జారి, వెనక్కు తీసుకుంది. డ్రైవరు వెనక చేరి హే హే అని అరుస్తూ తోక మెలిపెట్టాడు.

"తోక ఇడువు! నీ చెవ్వు మెలిపెడితే ఎక్కుతవారా బండి?"

"లేటయితుంది పెద్దమ్మా."

"అయితే కానీ. నువ్వు దానికి కనబడ్తలేవు. కనబడనోడు ఎన్కనుంచి ఒర్లితే ఎవరైనా బెదురుతరు. పక్కకొచ్చి నిలబడు, నోర్మూసుకో."

పలక మీద గోనెసంచులు పరిచాను. దాని కిందిదే, దాని వాసన ఉన్న వరిగడ్డి తెచ్చి పైన చల్లాను. తొందర చేయలేదు. అది వాసన చూసింది. ఒక కాలు పెట్టింది. నేను అవతలి పక్క నిలబడి, డొక్క మీద చెయ్యి వేసి, దానితో పాటే పైకి నడిచాను. పలక మీద నడుస్తుండగా ఒకసారి, లోపల నిలబడ్డాక ఒకసారి, కడుపు నా చేతిని నెట్టింది.

"నువ్వు కూడ రారాదు వదినా," అన్నాడు మరిది.

"నీ మందల నన్ను ఏడ కడ్తవ్?" అన్నాను.

వ్యాను సందు మలుపు తిరిగేటప్పుడు బర్రె ఒకసారి అరిచింది. జవాబివ్వాలంటే నాకు ఆ మాట రాదు.

మర్నాడు మరిది ఫోన్ చేశాడు. మొదట రెండు మూడు కొమ్ములు తగిలాయట. తర్వాత ఒక ముసలి బర్రె పక్కన చేరిందట. గడ్డి తిన్నది, పండుకొని నెమరేస్తున్నదన్నాడు. ఏ పక్క పండుకుందో అడగలేదు.

కొట్టం కడిగాను. పుస్తకం గూట్లో ఉంది. ఇప్పుడు పొద్దున లేస్తే పిండే పక్కా లేదు, అవతలి పక్కా లేదు.

ఆ మంగళవారం అక్కడున్నవాళ్లు: నారాయణగూడ డాక్టరమ్మ, గిన్నెతో వచ్చి ఖాళీ గిన్నెతోనే పోయిన టీచరమ్మ, మా మరిది, తోక వదిలేసిన డ్రైవరు, చిన్న బర్రె, నేను. చిన్నదాని లెక్కలో అందరికంటే ముందు ఉండాల్సింది పెద్ద బర్రె. అది లేదు.