ప్రెసిడెంటుగారి కార్జం

1931లో, ఎండలు ముదిరిన రోజుల్లో, నన్ను కడప నుంచి ఒక తాలూకా ఊళ్ళోని లోకల్ ఫండ్ డిస్పెన్సరీకి బదిలీ చేశారు. హోదా సబ్ అసిస్టెంట్ సర్జన్. పేరులో రెండు మెట్లు దిగిపోయినా, పనిలో మాత్రం సర్జను, ఫిజీషియను, శవపరీక్ష చేసేవాడు, మంత్రసాని చేతులెత్తేసినప్పుడు మంత్రసాని, సంత రోజున ఎద్దుల వైద్యుడు, అన్నీ నేనే. ఊరి పేరు రాయను. కర్నూలు, కడప జిల్లాల హద్దులో, కోయిలకుంట్ల దిక్కుగా ఉంటుందని మాత్రం చెప్పగలను. ఆ ఊరి పెద్దల మనుమలు ఇప్పుడు మంచి ప్లీడర్లయి ఉన్నారు.

లోకల్ ఫండ్ డిస్పెన్సరీ అంటే ఏమిటో ఈ కాలం వాళ్ళకు చెప్పాలి. భూమి శిస్తుతో పాటు రైతు దగ్గర వసూలు చేసే సెస్సు తాలూకా బోర్డుకు చేరుతుంది. రోడ్డు, బడి, బావి, ఆసుపత్రి నాలుగూ ఆ డబ్బు మీదే బతకాలి. డాక్టరును సర్కారు పంపుతుంది, మందులు బోర్డు కొంటుంది. పెళ్ళికొడుకును ఒకరు, తాళిబొట్టును ఇంకొకరు తెచ్చే పెళ్ళి లాంటిది. నేను దిగేసరికి పెళ్ళికొడుకు ఒక్కడే వచ్చినట్టయింది.

ఆ ఏటి ఎండ గురించి ఒక్క మాట. జ్వరం చూసే థర్మామీటరును పెట్టెలోంచి తీస్తే, రోగిని ముట్టుకోకముందే అది నూట అయిదు చూపేది. దాన్ని చల్లార్చడానికే రోగి నోట్లో పెట్టేవాణ్ణి. వరసగా రెండేళ్ళు వానలు లేవు. ఊరు మొత్తానికి పచ్చనిది ఏదైనా ఉందంటే అది బోర్డు ఆఫీసు తలుపుకు పూసిన రంగు. ఆవులు పాలివ్వడం ఎలాగో మరిచిపోయాయి. పిల్లలకు మూడు పూటలా జొన్న సంగటి, దాని మీదికి ఉప్పూ కారం. ఆకుకూర అనే మాట కథల్లో రాక్షసుడి మాదిరిగా విన్నదే తప్ప చూసింది కాదు.

అలాంటి తిండి ముందుగా దెబ్బ తీసేది కంటిని. మొదట రేచీకటి. పొద్దు గూకితే బిడ్డ గోడలు తడుముతుంది. తరువాత తెల్లగుడ్డు తడి ఆరిపోయి, పక్కన నురగ మాదిరి మచ్చ వేస్తుంది. మూడో మెట్టులో నల్లగుడ్డు మబ్బు పట్టి, మెత్తబడి, చూస్తూండగానే పోతుంది. మొదటి మెట్టు నుంచి మూడో మెట్టుకు నెలలు పడితే పట్టవచ్చు. మూడో మెట్టు మీద మాత్రం నిలవడానికి చోటు ఉండదు. దీనికి మందు చేప నూనె, అంటే కాడ్ లివర్ ఆయిలు. అది మద్రాసు నుంచి రావాలి. నేను ఇండెంటు, అంటే మందుల కోరిక పత్రం, పంపాను. బోర్డు ఆఫీసు నుంచి బదులు వచ్చింది. చేప నూనె క్షయరోగులకిచ్చే టానిక్కు కాబట్టి కంటి జబ్బుల కింద మంజూరు చేయడానికి వీలు లేదట. కంటి జబ్బుల కింద మంజూరైన బోరిక్ పొడి కావలసినంత ఉన్నదట. అది నిజమే. నా దగ్గరున్న బోరిక్ పొడితో రాయలసీమ మనుషుల కళ్ళే కాక, గొర్రెల కళ్ళు కూడా కడిగి, మిగిలినదానితో రెండు మిద్దెలకు సున్నం కొట్టవచ్చు.

ఇలా ఉండగా నేతపని చేసే చౌడమ్మ తన మనుమరాలిని చంకనేసుకుని వచ్చింది. పిల్ల పేరు సుంకులమ్మ, అయిదేళ్ళది. అందరూ సుంకీ అనేవారు. వెలుతురులో కన్ను తెరవలేకపోతోంది. రెప్ప ఎత్తి చూశాను. ఎడమ కన్ను రెండో మెట్టు మీద ఉంది. కుడి కన్ను మూడో మెట్టు మీద కాలు పెట్టింది. ఆ వారం దాటితే రెండూ దక్కవు.

కడుపులోకి ఏం పెడుతున్నారని అడిగాను. చౌడమ్మ నావైపు ఎగాదిగా చూసింది.

"ఏం పెడ్తాం సామీ, సంగటి పెడ్తాండాం. దీనికి మందు నాకు తెలుసు. మా అవ్వ చెప్తాండె. పొట్టేలు కార్జం నిప్పుల మీద కాల్చి పెట్టల్లంట. నీ పుస్తకంలో ఏముండాది?"

కార్జం అంటే ఆ సీమలో కాలేయం. నా పుస్తకంలోనూ అదే ఉంది, కాకపోతే విటమిన్ 'ఎ' అని పేరు పెట్టి నాలుగు పుటలు ఎక్కువ రాశారు. అదే చెప్పాను.

"మరి ఇంకేమి? ఇద్దరికీ తెలిసి, బిడ్డకు మాత్రం ల్యాకపోయె," అంది.

కంపౌండరు ఏసుదాసును వెంటబెట్టుకుని కసాయి మహబూబ్ సాబు అంగడికి పోయాను. ఏసుదాసు ఆదివారం పూట చర్చిలో వాక్యం చదివేవాడు. ఆయన గొంతుకు డిస్పెన్సరీలో సీసాల మూతలు వాటంతట అవే ఊడి వచ్చేవి. ఆ గొంతుతోనే కార్జం కావాలని అడిగాడు. మహబూబ్ సాబు కత్తి కింద పెట్టి, వీధికి అటూ ఇటూ చూసి, ఏసుదాసు నోరు మూయబోయాడు.

"నెమ్మదిగా అనప్పా! కలేజా మాట బజార్లో అంటారా? డాక్టరు సాబ్, తొడ అడుగు, ఇస్తా. తలకాయ అడుగు, ఇస్తా. నా తలకాయ అడిగినా ఇస్తా. అది మాత్రం అడగొద్దు."

కారణం విన్నాను. కరువులో ఊరికి రోజుకు ఒక్క పొట్టేలే తెగేది. మాంసం అంగడికి లైసెన్సు ఇచ్చేది తాలూకా బోర్డు. అందువల్ల ఆ పొట్టేలు కార్జం, ఒక్క తునక తరక్కుండా, బోర్డు ప్రెసిడెంటు రెడ్డిగారింటికి ప్రతిరోజూ మామూలుగా పోతుంది. వాళ్ళ నాయన ప్రెసిడెంటుగా ఉన్న నాటి నుంచీ ఇదే ఆచారం. ఆ ఇంట్లో రెండు తరాలు తిన్న కార్జాలను వరసగా పేరిస్తే ఎర్రగుంట్ల స్టేషను నుంచి మద్రాసు దాకా రైలుకు రెండో లైను పడుతుంది.

"ఎనిమిదో వంతు కోసి ఇయ్యి, ఆయనకేం తెలుస్తాది?" అన్నాడు ఏసుదాసు.

"తెలుస్తాది. ఒగసారి పిల్లి కొరికింది. ఆ ఏడు నా లైసెన్సు మూడు నెలలు ఆలస్యమాయె."

ఇక ప్రెసిడెంటునే అడగడం తప్ప దారి లేదు. పోయేసరికి ఆయన వసారాలో మంచం మీద, కుడి కాలు మూడు దిండ్ల మీద పెట్టుకుని ఉన్నాడు. ఆ కాలి బొటనవేలు మామూలు వేలు కాదు. గుమ్మడికాయంత లావు, కుంకుమంత ఎరుపు. దాని వేడికి దిండులో దూది పేలాలయి ఉంటుంది. దాని మీద ఈగ వాలితే ఆయన వేసే కేకకు వీధిలో ఎద్దులు కాడి వదిలించుకునేవి. ముల్లు గుచ్చుకుందని ఒకరు, దిష్టి అని ఒకరు పసర్లు కడుతున్నారు.

నేను ముందు పిల్లల సంగతి, చేప నూనె సంగతి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఏమప్పా డాక్టరూ, బోర్డులో దుడ్లు యాడుండాయి? వచ్చే నెల మీటింగులో పెట్టల్ల, మెంబర్లు ఒప్పుకోవల్ల. బిడ్డల కండ్లు యాడికీ పోవులే. ముందు నా వేలు చూడు."

వేలు చూశాను. గౌటు, అంటే ఒక రకం కీళ్ళవాతం. ఇంగ్లీషు వైద్యులు దీన్ని రాజుల జబ్బంటారని చెప్పాను. అంత నొప్పిలోనూ ఆయన మీసం ఒక అంగుళం పైకి లేచింది. దీనికి కాల్చికం అనే మందుంది, అదృష్టవశాత్తు నా అల్మారాలో ఉంది. మందు సగం పనే చేస్తుంది. మిగతా సగం పథ్యం. గౌటు ఉన్నవాడు కార్జం, మెదడు, మూత్రపిండాలు ముట్టకూడదని ప్రతి వైద్య గ్రంథంలోనూ ఉంది. నేను కల్పించింది కాదు. కల్పించవలసి వస్తే వెనుదీసేవాణ్ణని మాత్రం అనను.

నేటి నుంచి కార్జం బంద్ అన్నాను. ఆయన లేచి కూర్చోబోయి, వేలు గుర్తొచ్చి, మళ్ళీ పడుకుని, సారా దుకాణం వేలంపాట మాదిరిగా బేరం మొదలుపెట్టాడు.

"దినం మార్చి దినం?"

కుదరదన్నాను.

"సగం?"

కుదరదన్నాను.

"పులుసన్నా?"

పులుసు వాసన చూడడానికి వైద్యశాస్త్రం అభ్యంతరం చెప్పలేదన్నాను.

ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం నేను నడిచిన నడక దిగ్విజయం చేసి వచ్చే సేనాపతి నడక. రేపటి కార్జం సుంకికే అని చౌడమ్మకు కబురు పంపాను. మరునాడు చౌడమ్మ సత్తుగిన్నె పట్టుకుని మహబూబ్ సాబు అంగడికి పోయి, ఖాళీ గిన్నెతో నా దగ్గరికి వచ్చింది. కార్జం యథాప్రకారం రెడ్డిగారింటికే పోయింది. ఆయన మాట తప్పలేదు, నోట్లో వేసుకోలేదు. ఆయన వేటకుక్క టైగరు వేసుకుంది.

సుంకి కుడి కన్ను మళ్ళీ చూశాను. నిన్న గడ్డి గింజంత ఉన్న మబ్బు ఈ రోజు కందిబద్దంత అయింది. బోరిక్ నీళ్ళతో కడిగి, కట్టు కట్టి, పిల్లనూ అవ్వనూ తీసుకుని రెడ్డిగారి వసారా ఎక్కాను.

కుక్కకు ఎందుకు పెట్టారని నేను మర్యాదగా అడిగాను. ఆయన కూడా మర్యాదగానే చెప్పాడు. తిన్నా తినకపోయినా కార్జం గడప దాటి లోపలికి రావాలి. మామూలు ఒకసారి తెగితే మళ్ళీ ముడి పడదు. రేపు కసాయి ఎగ్గొడతాడు, ఎల్లుండి కల్లు కాంట్రాక్టరు ఎగ్గొడతాడు, ఆ పైన ప్రెసిడెంటుగిరీ ఎందుకు?

నాకంటే ముందు చౌడమ్మ అందుకుంది.

"రెడ్డీ, నీ పెండ్లికి మధుపర్కం నేసింది నేను. నీ కుక్కకు చీకట్లో కండ్లు బాగా అగుపడి ఏం జెయ్యల్ల? నీ లెక్కలు రాస్తాదా? ఈ బిడ్డ నూలు కండె చుట్టకపోతే మా మగ్గం ఆగిపోతాది. ఇంగ కుక్కతోనే నేయించుకో నీ పంచె."

వసారాలో ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోవడానికి తలా ఒక స్తంభం వెనక్కి పోయారు. రెడ్డిగారి ముఖం వేలి రంగుకు వచ్చింది. ఆ సందులో నేను నా మాట జొనిపాను. మామూలు తెగనక్కర లేదు. కార్జం ఆయన పేరుతోనే, ఆయన సొత్తుగానే, డిస్పెన్సరీ గడపకు వస్తుంది. పిల్లలకు పంచేముందు అది ఎవరి కార్జమో ఊరందరికీ వినబడేటట్టు రోజూ చాటిస్తాం. ఇప్పుడు ఆయన మామూలు సంగతి కసాయికి ఒక్కడికే తెలుసు, రేపటి నుంచి తాలూకా అంతటికీ తెలుస్తుంది.

ఆయన మీసం మీద చెయ్యి వేశాడు.

"ఎవురు చాటేది?"

"ఏసుదాసు."

ఆ గొంతు ఆయనకు తెలుసు. "అట్లయితే సరే," అన్నాడు.

మరునాటి పొద్దున్నుంచి డిస్పెన్సరీ అరుగు మీద కుంపటి వెలిగింది. ఏసుదాసు మెట్టెక్కి, వాక్యం చదివే రాగంలో, "ప్రెసిడెంటు రెడ్డిగారి కార్జం! వారి ధర్మాన!" అని గర్జించేవాడు. అవతలి ఊళ్ళో చాకలివాళ్ళు బట్ట దించి వినేవారట. మొదటి పెద్ద తునక సుంకికి. మిగిలింది నురగ మచ్చలున్న పిల్లలకు గోరంత గోరంత. మొదటి రోజు పది మంది వచ్చారు. వారం తిరిగేసరికి వీధి మలుపు దాకా తల్లులు.

ఈలోపల కాల్చికం తన పని చేసింది. గుమ్మడికాయ నిమ్మకాయ అయి, నిమ్మకాయ వేలయింది. రెడ్డిగారు చెప్పు తొడుక్కుని డిస్పెన్సరీకి నడిచి వచ్చారు. వరసను చూశారు. తమ కార్జం కుంపటి మీద చిటపటలాడడం విన్నారు. ఆ వాసనను వైద్యశాస్త్రం అనుమతించినంత మేరా పీల్చి, నన్ను పక్కకు పిలిచారు.

"నాకు నయమాయె గదప్పా. ఇంగ కార్జం ఇంటికి పంపు."

నేను వరస వైపు చూపించాను. ఇది ఆయన ధర్మమని ఏసుదాసు రోజూ చాటుతున్నాడు, ఆపేది కూడా ఆయన నోటితోనే ఈ తల్లులకు చెప్పాలి అన్నాను. ఆయన వరస మొదట్లో ఉన్న చౌడమ్మను చూశారు. చెప్పే పని మానుకున్నారు.

"ఆ చేప నూనె వస్తే ఈళ్ళకు కార్జం అక్కర లేదు గదా?"

"లేదండి."

"మరి ఆ ముక్క ముందే చెప్పవేమప్పా!"

నేను చెప్పాననీ, ఆయన వచ్చే నెల అన్నారనీ గుర్తు చేయలేదు. ఆ సాయంత్రమే మెంబర్లను పిలిపించి ప్రత్యేక మీటింగు పెట్టారు. నేను అడిగింది ఒక డబ్బా, మంజూరైంది నాలుగు. టానిక్కు, కంటి జబ్బు అనే చర్చను రానీయలేదు. పార్సెలు ఆలస్యమవుతుందని తమ మనిషినే మద్రాసు రైలెక్కించారు. చేప నూనె దిగిన రోజున కార్జం తిరిగి రెడ్డిగారి గడప దాటింది. తింటే వేలు మళ్ళీ లేస్తుందని హెచ్చరించాను. "లేస్తే నువ్వుండావు గదా," అన్నారు. లేచింది కూడా.

సుంకి ఎడమ కన్ను పూర్తిగా తేరుకుంది. కుడి నల్లగుడ్డు కింది అంచున ఆవగింజంత తెల్ల మచ్చ మిగిలింది, చూపు మాత్రం దక్కింది. నేను బదిలీ అయ్యేనాటికి దీపాల వేళ కూడా కండెలు చుడుతూ ఉండేది.

ఆ తరువాత నా సర్వీసులో ఏ ఊరికి పోయినా, మందులకు ఇండెంటు రాసే ముందు ఒక విచారణ చేసేవాణ్ణి. ఆ మందు రాకపోతే రోగికి కలిగే నష్టం డాక్టరుకు తెలిసిందే. మంజూరు చేసే పెద్దమనిషికి కూడా ఏదో ఒక నష్టం కలుగుతుందా? కలిగితే ఇండెంటు వెంటనే రాసేవాణ్ణి. కలగకపోతే, ముందు ఆ ఏర్పాటు చూసుకుని, ఆ పైన కలం పట్టేవాణ్ణి.