చెంప మీద పదిదాకా

చెవికమ్మను ముందు చొక్కా చేతికి తుడుస్తాడు. ఎడమ చెంపకి ఆనించి కళ్లు మూసుకుంటాడు. అందరికీ వినపడేలా ఒకటి నుంచి పది దాకా లెక్కపెడతాడు. అప్పుడు కళ్లు తెరిచి చెంప చూపిస్తాడు.

"దద్దురుందా? ఎర్రబడిందా? దగ్గరికొచ్చి చూడండమ్మా, మొహమాటమెందుకు?"

దద్దురుండదు. పది లెక్కపెట్టేలోపు ఏ చెంపా ఎర్రబడదు, ఎవరైనా కొడితే తప్ప.

గిల్టు నగల కొట్లో పందొమ్మిదేళ్లుగా అతనిది చెవికమ్మల కౌంటరు. పక్క కౌంటర్లో గాజులమ్మే ఆవిడ అతనికి 'పదిదాకా' అని పేరు పెట్టింది. ఆ పేరుతో పిలిస్తే పలుకుతాడు. కాస్త గర్వంగానే పలుకుతాడు.

కౌంటరు మీద ఆకుపచ్చ మఖమల్ పరిచిన పళ్లెం ఒకటుంది. దాని ముందు నిలబెట్టిన అట్ట మీద 'సున్నితమైన చర్మానికి ప్రత్యేకం' అని అతనే గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఈ పళ్లెంలోవీ, పక్కనున్న ఎర్ర పళ్లెంలోవీ ఒకే పెట్టెలోంచి వస్తాయి. ఎర్రదాంట్లో అమ్ముడుపోనివి ఆకుపచ్చదాంట్లోకి మారతాయి. మారగానే వాటికి సుగుణాలు అబ్బుతాయి.

లోపల ఏముందని అడిగితే "మంచి లోహం" అంటాడు. ఏ లోహమని అడిగితే "కంపెనీ లోహం" అంటాడు. జర్మన్ సిల్వర్ కమ్మల్ని వెండివని ఎప్పుడూ అబద్ధమాడలేదు. "సిల్వర్" అని ఊరుకుంటాడు. అందులో ఉన్నది రాగి, జింకు, నికెల్ అనీ, వెండి మచ్చుకైనా లేదనీ అతనికి తెలుసు. నికెల్ వల్ల మెరుపొస్తుంది. అంతకు మించి దాని గురించి అతను ఆలోచించలేదు.

కొన్నవాళ్లలో కొందరు చెవులు పట్టుకుని తిరిగొస్తారు. వాళ్ల కోసం అతని దగ్గర ఒక సిద్ధాంతముంది. తప్పు కమ్మది కాదు, చెమటది. చెమట మూడు రకాలు. ఉప్పు చెమట, పులుపు చెమట, వేడి చెమట. మనిషిని ఎగాదిగా చూసి ఏదో చెప్పేస్తాడు. వచ్చినావిడ కమ్మలు వాపసు ఇవ్వాలన్న సంగతి మరిచిపోయి, తన చెమటకి తానే సిగ్గుపడుతూ మెట్లు దిగుతుంది.

భార్యది పులుపు చెమట అని పెళ్లైన మొదటి ఏడే తేల్చాడు. అతను తెచ్చినవి పెట్టుకున్న మూడోనాటికల్లా ఆమె చెవి తమ్మెలు ఉబ్బి రసి కారేవి. ఆరు జతలు చూశాక ఆమె మానేసింది. రంధ్రాలు పూడిపోకుండా చీపురుపుల్ల ముక్కలు పెట్టుకుంది. పదకొండేళ్లుగా అవే. గాజులావిడ ఒకసారి ఇంటికొచ్చి చూసి, "ఈ మోడల్ మన కొట్లో లేదే అన్నయ్యా," అంది. అతను నవ్వాడు. భార్య నవ్వలేదు.

అతనికీ ఒక దురద ఉంది. బొడ్డు కింద, మెరిసే బెల్టు బకిల్ తగిలే చోట, నాణెమంత మచ్చ. అది భార్య వాడే బట్టల సబ్బు వల్ల. అతని మాట మీద ఆమె నాలుగుసార్లు సబ్బు మార్చింది. మచ్చ మారలేదు.

వచ్చే ఆదివారం ఎనిమిదేళ్ల కూతురికి చెవులు కుట్టించాలి. ఆకుపచ్చ పళ్లెంలోంచి పువ్వు కమ్మలు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"దానికి ఇవి వద్దు," అంది భార్య.

"దానికి నీ చెమట రాలేదులే. అన్నీ నా పోలికే."

"రేపు దాని చెవులు వాస్తే?"

అతను కమ్మ తీసి చెంపకి ఆనించాడు. కూతురు కూడా కళ్లు మూసుకుని అతనితో కలిసి లెక్కపెట్టింది. పది కాగానే, "చూడమ్మా, నాన్నకేం కాలేదు!" అంది. భార్య కంచాలు తీసుకుని లోపలికి వెళ్లింది.

బుధవారం మధ్యాహ్నం కొట్టుకి ఒక నర్సు వచ్చింది. చర్మం డాక్టరు దగ్గర పనిచేస్తుంది. వారం కిందట ఆకుపచ్చ పళ్లెంలోవి కొనుక్కుంది. ఇప్పుడు రెండు తమ్మెలూ వాచిపోయి ఉన్నాయి.

"మీది వేడి చెమట మేడమ్," అన్నాడు చూస్తూనే.

"నా చెమట సంగతి మీకెందుకు? అన్నీ తెలిసి మీ అట్ట చూసి కొన్నాను, నాకు బుద్ధి లేదు. వీటిలో నికెల్ ఉందా లేదా?"

"మంచి లోహమండీ. ఇదిగో..." కమ్మ చెంప దాకా వెళ్లింది.

"ఆపండి! నికెల్ పడకపోతే పది అంకెల్లో తేలదు. ఒకటి రెండు రోజులు పడుతుంది. మేం వీపుకి అంటించి రెండు రోజులు ఉంచుతాం. మీ చెంపకంత ఓపికుందా?"

కొట్లో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. ఓనరు కూడా తిరిగాడు.

"రెండు రోజులేంటి, రెండు నెలలు ఉంచుకుంటా!"

"రెండు రోజులు చాలు. పెద్దవాళ్ల సంగతి సరే, కొత్తగా కుట్టిన చెవులకి మాత్రం ఇవి అంటగట్టకండి. ఆ పచ్చిపుండు మీదే మొదలవుతుంది. ఒకసారి పడకుండా పోయిందంటే ఇక జన్మంతా పడదు. పిల్లలకి టైటానియం పెట్టించమని చెప్పండి."

అతను చొక్కా చేయి పైకి మడిచాడు.

గాజులావిడ అప్పటికే టేపు తెచ్చింది. అతని ఎడమ ముంజేతి లోపలి వైపు పువ్వు కమ్మను బోర్లించి, టేపు వేసి, దాని మీద పెన్నుతో టైము రాసింది. "సంతకం కూడా పెట్టమంటావా అన్నయ్యా?"

ఆ రాత్రి నర్సు సంగతి ఇంట్లో నవ్వుతూ చెప్పాడు, టైటానియం మాట తప్ప. గురువారం పొద్దున ఏమీ లేదు. ఈల వేస్తూ అమ్మాడు. సాయంత్రానికి చెయ్యి దురద పెట్టింది. టేపు బిగిసింది, అనుకున్నాడు. శుక్రవారం దురద వల్ల చెంప మీద లెక్క ఏడు దగ్గర తప్పింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే బేసిన్ దగ్గర నిలబడి టేపు పీకాడు. కమ్మ ఊడి బేసిన్‌లో పడింది. పువ్వు చేతి మీద ఉండిపోయింది. ఆరు రేకులు, ఎర్రగా, వాటి అంచుల్లో సన్నటి నీటి పొక్కులు. కొట్లో ఏ నగకీ అంత పనితనం లేదు.

భార్య గుమ్మంలో నిలబడి ఉంది. పువ్వును చూసింది. తర్వాత బెల్టు బకిల్ చూసింది.

"పులుపా, వేడా?" అంది.

"ఆ సబ్బు..." అన్నాడు.

"చేతికి అంటించింది సబ్బా, కమ్మా? సబ్బు సబ్బని నాలుగు మార్పించారు. చెమట చెమటని పదకొండేళ్లు నాకు పుల్లలు పెట్టించారు."

అతను చొక్కా చేయి కిందికి దించుకున్నాడు.

"నాన్నా, రెండు రోజులు అయిపోయాయా? ఏం కాలేదు కదా?" అని లోపలినుంచి కూతురు కేకేసింది.



"ఎల్లుండే దాని చెవులు," అంది భార్య గొంతు తగ్గించి. "ఏం తేవాలో ఆ నర్సు మీకు చెప్పే ఉంటుంది. రెండు జతలు తెండి."

మర్నాడు పొద్దున కొట్టు తెరవక ముందే వీధికి అవతలున్న నగల కొట్టుకి వెళ్లాడు. ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. ఏ పూతా లేని టైటానియం చుక్క కమ్మలు అడిగాడు. వాటితో ఇచ్చిన కాగితం కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. "నికెల్ లేదని ఎక్కడ రాశారు?" అని రెండుసార్లు అడిగాడు. కమ్మను చెంపకి ఆనించుకోలేదు. రెండు జతలు కొని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

రోడ్డు దాటి వచ్చి తన కౌంటరు తెరిచాడు.

"టేపు తీసేశావా అన్నయ్యా?"

"ఎప్పుడో తీశా. ఏముంది, ఏం లేదు. చూడు." బొత్తాం విప్పి చొక్కా చేయి మోచేతి దాకా మడిచాడు. చెయ్యి నున్నగా ఉంది. కుడిచెయ్యి.

గాజులావిడ ఆ చేతిని చూసింది. బొత్తాం పెట్టి ఉన్న ఎడమచేతిని చూసింది. గాజులు సర్దుకోవడం మొదలుపెట్టింది.

మొదటి బేరానికి ఒకావిడ వచ్చింది, చెయ్యి పట్టుకుని ఒక చిన్నపిల్ల. మొన్ననే చెవులు కుట్టించారట, పిల్లది మరీ సున్నితమైన చర్మమట.

అతను ఆకుపచ్చ పళ్లెం ముందుకు జరిపాడు. కమ్మ తీసి ఎడమచేతికి తుడవబోయి, కుడిచేతికి తుడిచాడు. చెంపకి ఆనించి కళ్లు మూసుకుని పది దాకా లెక్కపెట్టాడు. ఎక్కడా తప్పలేదు.