నల్లరంగు వేసిన టెలిస్కోపు

మా చేపల చెరువుల్లో ఏది పాడైనా తప్పు శనిదే. నీళ్లలోకి గాలి ఆడించే ఏరేటర్ కాలినా, చేపలు తేలినా, అందులో నా బద్ధకం కూడా ఉందన్న మాట ఈ నరసరాజు నోట ఎప్పుడూ రాలేదు. మా ఉండి ఊరి చుట్టుపక్కల నన్నెరగని వాళ్లు లేరు, నా ఏలినాటి శని గురించి విననివాళ్లూ లేరు. నా తరఫున శనివారాలు నువ్వులనూనె దీపం పెట్టేది మాత్రం మా ఆవిడ బాలాత్రిపురసుందరి.

"ఇన్నాళ్లూ దీపాలు పెట్టాను. ఆయన్ని ఒక్కసారి కళ్లారా చూడాలని ఉందండీ," అందొకరోజు. పెళ్లయ్యాక ఆవిడ నన్ను కోరిన మొదటి కోరిక అది. పొంగిపోయి ఏలూరు వెళ్లి టెలిస్కోపు కొన్నాను. తెల్లగొట్టం మరీ పేలవంగా ఉందని, మోటారుకు వెయ్యగా మిగిలిన నల్లరంగు పూశాను. ఇంట్లో ఉన్న వస్తువుకి కాస్త దర్జా ఉండాలి కదా. పొద్దున్నే డాబా మీద ఎండలో నిలబెట్టేశాను.

చీకటి పడ్డాక ఆవిడ కన్ను పెట్టింది. ఎండకి కాలిన గొట్టంలో గాలి ఇంకా ఉడుకుతూనే ఉంది.

"చుట్టూ ఉంగరం ఉంటుందన్నారు కదండీ. ఇదేంటి, మరిగే నీళ్లలో పెసరగింజలా గెంతుతోంది?"

"చూశావా, నీక్కూడా దొరక్కుండా తప్పించుకుంటున్నాడు," అన్నాను.

మర్నాడు నా అనుభవమంతా ప్రయోగించాను. చేపలు కలకత్తా దాకా చల్లగా వెళ్లేది థర్మోకోల్ పెట్టెల్లోనే. ఎండలో కాలిన గొట్టానికి అదే చుట్టాను. పగటి వేడంతా లోపల భద్రంగా ఉండిపోయింది. చేపల్ని చల్లబరిచేది ఐసు అని, థర్మోకోల్ కేవలం కాపలా కాస్తుందని ఇన్నేళ్ల వ్యాపారంలో నాకు తట్టనేలేదు.

"వేడన్నం గిన్నెకి దుప్పటి చుడితే చల్లారుతుందా అండీ?" అని ఆవిడ మెల్లగా అడిగింది.

ఆ తర్వాత రోజు థర్మోకోల్ తీసేసి, పగలంతా నీడలో ఉంచాను. చీకటి పడ్డాక రంగు పూసిన గొట్టం తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, గాలికన్నా చల్లబడింది. కొల్లేటి వైపు నుంచి వచ్చిన తేమంతా గొట్టం మీదా అద్దం మీదా నీళ్లై దిగింది.

"పోనీలెండి," అని ఆవిడ మెట్లు దిగిపోయింది. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఈసారి శనిని తిట్టకుండా కూర్చుని ఆలోచించాను. మెరిసే రేకైతే వేడిని అంత తేలిగ్గా వదలదని, చెమ్మ పట్టదని తెలుసుకుని, నా దర్జా నల్లరంగు మీద అల్యూమినియం రేకు చుట్టాను. సాయంత్రం దాకా నీడలోనే ఉంచాను.

ఆవిడ చాలాసేపు కన్ను తియ్యలేదు. "ఉంగరంతో సహా కనిపించాడండీ," అంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఎంత దూరంలో ఉన్నాడండీ, పాపం. అక్కణ్ణుంచి మన ఏరేటర్ కాల్చడానికి ఆయనకి తీరికెక్కడిది?"

ఆ శనివారం నుంచి దీపం మానేసింది. రోజూ చెరువు దగ్గరికి నాతోపాటు తనూ వస్తోంది.